కువైట్: పనికి వెళ్లిన దేశాన్ని తెలుసుకోవాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు, కోనసీమ వైపు ఏ ఊళ్లో అడిగినా కువైట్‌లో పనిచేసినవాళ్లు ఒకరిద్దరైనా దొరుకుతారు. జీతం ఎంత, అకామా (అక్కడ ఉండేందుకు అనుమతి) ఎప్పుడు కొడతారు, ఇవాళ దినార్ రేటు ఎంత అనేవి మనవాళ్లకు కొట్టినపిండి. ఆ దేశం గురించి అడిగితే మాత్రం పదేళ్లు ఉండి వచ్చినవాళ్లు కూడా ఎడారి, ఎండ, పెట్రోలు అని మూడు మాటల్లో ముగిస్తారు. అది వాళ్ల తప్పు కాదు. వారానికి ఒక్కరోజు సెలవు, అదీ ఇస్తేనే. ఆ ఒక్కరోజూ బట్టలు ఉతుక్కోవడానికి, ఇంటికి ఫోన్ చేసుకోవడానికే సరిపోతుంది. కానీ కువైట్‌ది ఎడారి కథ కన్నా ముందు సముద్రం కథ. అందులో మన దేశానికి పెద్ద వాటానే ఉంది. మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలకు ఆ సంగతి మనసులో పెట్టుకునే జవాబులు రాశాను.

కువైట్ ఎంత పెద్ద దేశం?

17,818 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాలను కలిపితే ఎంతో, దానికన్నా కాస్త తక్కువ. ఉత్తరాన, పడమట ఇరాక్, దక్షిణాన సౌదీ అరేబియా, తూర్పున గల్ఫ్ సముద్రం. ఆ సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి ఒక పెద్ద అఖాతం ఏర్పడింది. దాని దక్షిణపు ఒడ్డునే కువైట్ సిటీ ఉంది. దేశానికి తొమ్మిది దీవులున్నాయి. అన్నిటికన్నా పెద్దది బుబియాన్, చరిత్ర ఎక్కువున్నది ఫైలకా. జనాభా దాదాపు 50 లక్షలు. అందులో కువైటీలు మూడో వంతు కన్నా తక్కువ. మన భారతీయులే దాదాపు పది లక్షల మంది. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లలో మనమే ఎక్కువ.

పెట్రోలు దొరక్కముందు ఇక్కడ జనం ఎలా బతికేవారు?

మీ దగ్గర కువైట్ చిల్లర ఉంటే ఒక 100 ఫిల్స్ నాణెం తీసి వెనక్కి తిప్పండి. తెరచాప ఎత్తిన పడవ కనిపిస్తుంది. 5 ఫిల్స్ నుంచి 100 ఫిల్స్ దాకా ప్రతి నాణెం మీదా అదే బొమ్మ. దేశ చిహ్నంలోనూ డేగ రెక్కల మధ్య పడవే ఉంటుంది. పెట్రోలు మీద నడుస్తున్న దేశం తన నాణెం మీద బావి బొమ్మ వేసుకోకుండా పడవను వేసుకుంది.

18వ శతాబ్దం మొదట్లో బనీ ఉతుబ్ అనే తెగ వాళ్లు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఇప్పటి పాలకులైన అల్ సబాహ్ వంశం వాళ్లలోదే. ఆ శతాబ్దం మధ్య నుంచి పాలన ఈ కుటుంబానిదే. వ్యవసాయానికి నేల లేదు, నీరు లేదు. ఉన్నది మంచి రేవు ఒక్కటే. అందుకే ఊరంతా సముద్రం మీద ఆధారపడింది. ఎండాకాలం ముత్యాల వేట, చలికాలం దూరదేశాలతో సరుకుల వ్యాపారం, ఏడాది పొడవునా పడవల తయారీ, చేపలు. ఎడారి నుంచి వచ్చే బెదూయిన్లు నెయ్యి, ఉన్ని, గొర్రెలు తెచ్చి బియ్యం, ఖర్జూరం, బట్ట కొనుక్కుని వెళ్లేవారు.

బుర్గాన్‌లో చమురు పడింది 1938లో. రెండో ప్రపంచ యుద్ధం వల్ల పని ఆగిపోయి, మొదటి ఓడ చమురుతో బయలుదేరింది 1946 జూన్ 30న. అంటే ఇప్పుడు మనం చూస్తున్న ఈ వైభవమంతా ఒక మనిషి ఆయుష్షులో వచ్చింది. మీరు పనిచేసే ఇంట్లో బాగా పెద్దవయసు వాళ్లుంటే వాళ్ల నాన్న సముద్రం మీదికి వెళ్లినవాడే అయ్యుండొచ్చు.

ముత్యాల కోసం నిజంగా ఊపిరి బిగబట్టి మునిగేవారా?

అవును. గాలి గొట్టాలు లేవు, అద్దాలు లేవు. ఈ పని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఈ దేశం పునాది ఇదే.

జూన్ అటూఇటూగా మొదలై సెప్టెంబరు దాకా సీజన్. నాలుగు నెలలు మగవాళ్లలో చాలామంది పడవల మీదే ఉండేవారు. పడవ యజమాని లాంటి నాయకుణ్ణి నఖూదా అంటారు. మునిగేవాడు గైస్. పైనుంచి తాడు లాగేవాడు సైబ్. పని నేర్చుకోవడానికి వచ్చిన పదేళ్లు, పన్నెండేళ్ల పిల్లలు తబ్బాబ్‌లు. వాళ్లు టీ అందించడం, చిన్నచిన్న పనులు చేయడం. ఇంకొకడుంటాడు, నహ్హామ్. అతని పని పాట పాడటం. తెరచాప ఎత్తేటప్పుడు, లంగరు లాగేటప్పుడు అతని పాట లయకే అందరి చేతులూ కదలాలి. మంచి గొంతున్న నహ్హామ్ కోసం పడవలవాళ్లు పోటీ పడేవారు.

మునిగేవాడికి రెండు తాళ్లు. ఒకదానికి బరువు రాయి కట్టి ఉంటుంది. అతను దాని మీద కాలు పెట్టి, ముక్కుకి ఎముకతోనో తాబేలు చిప్పతోనో చేసిన క్లిప్పు పెట్టుకుని, మెడలో వల సంచి వేసుకుని దిగుతాడు. రాయి అతణ్ణి అడుగుకు చేరుస్తుంది. వెంటనే పైవాడు రాయిని లాగేసుకుంటాడు. వేళ్లకు తోలు తొడుగులు వేసుకుని, ఆల్చిప్పలు నేల నుంచి పీకి సంచిలో వేసుకుంటాడు. నిమిషం, నిమిషంన్నర. ఊపిరి చాలడం లేదనిపించగానే రెండో తాడుని ఒక్క గుంజు గుంజాలి. పైనున్న సైబ్ ఆ గుంజుని గుర్తుపట్టి లాగాలి. ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉంటే మనిషి పోతాడు. అందుకే ఈ ఇద్దరి మధ్య నమ్మకం అన్నదమ్ముల మధ్య ఉన్నంత ఉండేది. ఇలా పొద్దున్న నుంచి సాయంత్రం దాకా, ఒక్కరోజులో ఎన్నో మునకలు. జెల్లీ ఫిష్ కాలంలో ఒళ్లంతా కప్పే తెల్లటి నూలు చొక్కా వేసుకునేవారు. పగలు కడుపు నిండా తింటే మునగలేరు కాబట్టి నాలుగు ఖర్జూరాలు, కాస్త కాఫీతో నెట్టుకొచ్చి రాత్రికే అన్నం, చేప. చెవులు పోయేవి, కళ్లు పోయేవి.

ముందురోజు తెచ్చిన ఆల్చిప్పల్ని మర్నాడు పొద్దున్న నఖూదా కళ్లెదుట అందరూ కూర్చుని విప్పేవారు. ఎవరి చిప్పలో ముత్యం దొరికిందన్నది లెక్క కాదు. అన్నీ ఒకే కుప్ప. సీజన్ చివర అమ్మాక వాటాలు.

ఆ వాటాల దగ్గరే అసలు బాధ. సీజన్‌కి ముందు ఇంటి ఖర్చుకి నఖూదా దగ్గర అడ్వాన్సు తీసుకుని వెళ్లేవారు. నఖూదా వ్యాపారి దగ్గర తీసుకునేవాడు. ముత్యాలు సరిగా పడకపోతే అప్పు తీరదు, వచ్చే ఏడాది మళ్లీ అదే పడవ ఎక్కాలి. తండ్రి అప్పు కొడుకుల మీద పడిన సందర్భాలూ ఉన్నాయి. వీసా కోసం అప్పు చేసి విమానం ఎక్కినవాళ్లకు ఈ సంగతి వివరించి చెప్పాల్సిన పనిలేదు.

మరి ఆ వేట ఎప్పుడు ఆగింది?

1920ల్లో జపాన్ వాళ్లు పెంపకం ముత్యాలను మార్కెట్లోకి తెచ్చారు. 1929లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చింది. ఈ రెండు దెబ్బలకూ గల్ఫ్ ముత్యం ధర పడిపోయింది. తర్వాత చమురు వచ్చింది. ఇప్పుడు వృత్తిగా ఎవరూ చేయరు. కానీ 1980ల నుంచి ఒక సముద్ర క్రీడల క్లబ్ వాళ్లు దాదాపు ప్రతి ఎండాకాలం కుర్రాళ్లను పాత తరహా చెక్క పడవల మీద పంపి, తాతల పద్ధతిలోనే మునగడం నేర్పిస్తున్నారు. పడవలు బయలుదేరే రోజు, తిరిగొచ్చే రోజు సాల్మియా ఒడ్డున కుటుంబాలన్నీ నిలబడతాయి. వీలైతే ఒక్కసారి చూడండి.

ఇండియాతో పాత సంబంధం అంటారు, అది నిజమా, మర్యాదకి అనే మాటా?

నూటికి నూరుపాళ్లు నిజం. 1961 ఏప్రిల్ 1న దినార్ వచ్చేదాకా కువైట్‌లో నడిచింది మన రూపాయే. గల్ఫ్ మీదుగా బంగారం దొంగ రవాణా వల్ల మన విదేశీ నిల్వలు కరిగిపోతున్నాయని 1959లో రిజర్వ్ బ్యాంకు ఈ ప్రాంతానికే ప్రత్యేకంగా వేరే రంగుల్లో నోట్లు అచ్చువేసింది. వాటి నంబరు ముందు జెడ్ అక్షరం ఉండేది. ఆ నోట్లు ఇప్పుడు సేకరణదారుల దగ్గరే కనిపిస్తాయి. దినార్ వచ్చిన రోజు దాని విలువ పదమూడు రూపాయల చిల్లర. ఇప్పుడు రెండు వందల యాభై దాటింది. తపాలా కూడా అంతే. 1923 నుంచి చాలాకాలం భారతదేశపు స్టాంపుల మీదే కువైట్ అని అచ్చు వేసి వాడారు.

అంతకన్నా లోతైన సంబంధం పడవది. కువైట్‌లో ఒక్క మంచి చెట్టు లేదు. పడవ చెక్కంతా మలబారు తీరం నుంచి వచ్చిన టేకే. తాళ్లకు కొబ్బరి పీచు కూడా అక్కడిదే. గల్ఫ్ వాళ్లు పెద్ద పడవలు చేయించుకునే బేపూర్ కేరళలోనే ఉంది. బూమ్ అనే కువైట్ పడవ శరద్రుతువులో బస్రా దగ్గర ఖర్జూరం నింపుకుని, ఈశాన్య రుతుపవనాల కాలంలో కరాచీ, బొంబాయి, కాలికట్ వైపో, ఆఫ్రికాలో లాము, జాంజిబార్ వైపో సాగేది. గాలి తిరిగే వేళకు మన తీరం నుంచి టేకు, బియ్యం, మసాలాలు, బట్టలు, ఆఫ్రికా నుంచి మడ చెట్ల దుంగలు వేసుకుని ఇంటికి వచ్చేది. కువైట్ వ్యాపార కుటుంబాలకు బొంబాయిలో ఆఫీసులుండేవి. వాళ్ల ముత్యాలు అమ్ముడయ్యే పెద్ద బజారూ బొంబాయే. మన తెలుగు తీరానికి ఈ వ్యాపారంలో పెద్ద పాత్ర లేదు, ఇదంతా పడమటి తీరం కథ. కానీ ఒక కాలంలో వాళ్లు మన రేవులకు సంపాదన కోసం వచ్చారన్నది గుర్తుంచుకోవాల్సిన విషయమే.

ఆఫ్రికా దుంగలకు సంబంధించిన చిన్న ముచ్చట ఒకటి. పాత కువైట్ ఇళ్ల పైకప్పుకి ఆ దుంగలే దూలాలు. వాటి మీద వెదురు బద్దలు, ఆపైన రెల్లు చాప, ఆపైన మట్టి. దుంగ ఎంత పొడవుంటే గది వెడల్పు అంతే. అందుకే పాత ఇళ్లన్నిటిలో గదులు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. ఏదైనా పాత ఇంటి మ్యూజియంలోకి వెళ్తే తల పైకెత్తి చూడండి, దూలాలు వరసగా కనిపిస్తాయి.

నది లేదు కదా, తాగేందుకు నీళ్లెక్కడివి?

మొదట్లో బావులుండేవి. జనం పెరిగాక అవి చాలలేదు. ఉప్పు తగిలేది. దాంతో ఇరాక్ వైపు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో మంచినీళ్లు తెచ్చేవారు. 1939లో దానికోసం ఒక కంపెనీయే పెట్టారు. పడవ రేవుకి రాగానే నీళ్లమ్మేవాళ్లు కావడికి రెండు డబ్బాలు కట్టుకుని వీధివీధీ తిరిగేవారు. వాళ్లను కందరీలు అంటారు. గాడిదల మీద తోలుతిత్తులతో అమ్మేవాళ్లూ ఉండేవారు. 1950ల మొదట్లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు మొదలయ్యాయి. ఇప్పుడు కొళాయిలో వచ్చేది దాదాపు అంతా ఆ నీరే. ఇంట్లో అమ్మమ్మ వయసు కువైటీ ఆవిడ కొళాయి వదిలేస్తే కేకలేస్తుందంటే కారణం ఇదే కావచ్చు.

కువైట్ టవర్స్ ఎందుకు కట్టారు? చూడటానికేనా?

నీళ్ల కోసం. మూడు టవర్లలో పెద్దది, రెండు నీలం గోళాలున్నది, 187 మీటర్లు, దాని కింది గోళంలో కొంతభాగం నీటి ట్యాంకు, పైన తిరిగే వేదిక. రెండోది 147 మీటర్లు, అది పూర్తిగా నీటి టవరే. సూదిలా ఉన్న మూడోది మిగతా రెండింటి మీదకు దీపాల వెలుగు వేయడానికి. 1979 మార్చిలో తెరిచారు. గోళాల మీద వేల సంఖ్యలో ఎనామిల్ బిళ్లలు, నీలం, ఆకుపచ్చ, బూడిద రంగుల ఛాయల్లో. పాత మసీదుల గుమ్మటాల మీద ఉండే పెంకుల రంగులవి. తాగునీటి ట్యాంకునే తన గుర్తుగా నిలబెట్టుకున్న దేశం ఇది. పై ప్రశ్నకు జవాబు చదివాక వాటిని చూడండి, వేరేగా కనిపిస్తాయి.

నగరంలో అక్కడక్కడ నీలం, తెలుపు చారలతో పుట్టగొడుగుల్లా కనిపించేవి కూడా నీటి టవర్లే.

ఇక్కడ మరీ పాత చరిత్ర ఏమైనా ఉందా? అంతా రెండు మూడు వందల ఏళ్లదేనా?

ఏడు వేల ఏళ్లకు పైగా ఉంది. కువైట్ అఖాతానికి ఉత్తరాన సుబియా అనే ప్రాంతంలో బ్రిటిష్, కువైట్ పరిశోధకులు తవ్వినప్పుడు తారు ముక్కలు దొరికాయి. ఒక వైపు రెల్లు కట్టల అచ్చులున్నాయి, రెండో వైపు సముద్రంలో పడవ అడుగులకు పట్టే గవ్వలున్నాయి. అంటే రెల్లుతో పడవ కట్టి, నీరు చేరకుండా తారు పూసి, సముద్రంలో తిప్పారు. ప్రపంచంలో సముద్రపు పడవకు సంబంధించి దొరికిన అతి పాత అవశేషాల్లో ఇవి ఉన్నాయి. అక్కడే మట్టితో చేసిన చిన్న పడవ బొమ్మ, తెరచాప స్తంభం ఉన్న పడవను గీసిన బిళ్ల, రంధ్రం పెట్టిన ముత్యం కూడా బయటపడ్డాయి. పడవ, ముత్యం. నిన్నమొన్నటి దాకా ఈ తీరం బతికింది ఆ రెండింటితోనే. ఆ తారు ముక్క గురించి మొదటిసారి చదివినప్పుడు ఈ దేశాన్ని చూసే నా చూపే మారింది.

ఇప్పుడు సిటీ నుంచి సుబియాకి షేక్ జాబెర్ వంతెన మీద కారులో వెళ్లొచ్చు. సముద్రం మీద 36 కిలోమీటర్ల రోడ్డు, 2019 మేలో తెరిచారు.

ఫైలకా దీవి గురించి చెబుతారా?

సిటీ నుంచి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో ఉంటుంది. నాలుగు వేల ఏళ్ల కింద దిల్మున్ నాగరికత వాళ్లు ఇక్కడ ఊళ్లు, గుడి కట్టుకున్నారు. వ్యాపారులు సరుకు మీద వేసే గుండ్రటి రాతి ముద్రలు ఇక్కడ వందల్లో దొరికాయి. వాటిలో సింధు లిపి గుర్తులున్నవీ ఉన్నాయి. ఆ కాలంలోనే మన సింధు తీరం నుంచి ఇక్కడిదాకా రాకపోకలున్నాయనడానికి అదొక సాక్ష్యం.

అలెగ్జాండర్ తర్వాతి కాలంలో గ్రీకులు వచ్చి దీనికి ఇకారోస్ అని పేరు పెట్టి కోట, గుడి కట్టారు. ఏథెన్స్ మనిషి సోతెలేస్, తన సైనికులతో కలిసి జ్యూస్, పొసైడన్, ఆర్టెమిస్ దేవతలకు మొక్కు చెల్లించినట్టు చెక్కించిన రాయి 1937లో బయటపడింది. 1958లో డెన్మార్క్ వాళ్లు తవ్వకాలు మొదలుపెట్టారు. తర్వాత ఫ్రెంచివాళ్లు ఒక పాత చర్చి పునాదుల్ని బయటపెట్టారు. ఇస్లాం దేశంలో, చిన్న దీవిలో, ఇన్ని మతాల ఆనవాళ్లు ఒకేచోట.

1990 దాకా అక్కడ దాదాపు రెండు వేలమంది కాపురముండేవారు. ఆ ఏడాది దేశాన్ని ఆక్రమించిన ఇరాక్ సైన్యం వాళ్లను వెళ్లగొట్టి దీవిని స్థావరంగా మార్చుకుంది. యుద్ధం తర్వాత వాళ్లు కాపురానికి తిరిగి రాలేదు. తూటాల రంధ్రాలతో బ్యాంకు, ఇళ్లు అలాగే నిలబడి ఉన్నాయి. పడవల్లో పగటి పర్యటనకు వెళ్లిరావచ్చు, వేళలు ముందే కనుక్కోండి. ఎండాకాలంలో మాత్రం వద్దు. ఎక్కడైనా నేల మీద తెలియని లోహపు వస్తువు కనిపిస్తే ముట్టుకోవద్దు.

పాత కువైట్ ఊరు ఎక్కడికి పోయింది?

చాలావరకు కూల్చేశారు. 1920లో ఎడారి నుంచి దాడి భయం ఉన్నప్పుడు ఊరివాళ్లందరూ చేయి వేసి నెలల్లోనే మట్టి గోడ కట్టుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో జహ్రా ఎర్ర కోట దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. ఆ కోట ఇప్పటికీ ఉంది, చూడొచ్చు. చమురు డబ్బు వచ్చాక 1957లో గోడ పడగొట్టి దాని దారిలో రోడ్డు వేశారు. ద్వారాలు మాత్రం మిగిలాయి. ఎత్తైన అద్దాల భవనాల మధ్య రోడ్డు పక్క గడ్డిలో ఒంటరిగా నిలబడిన మట్టి రంగు ద్వారం కనిపిస్తే అది ఆ గోడదే. ఇళ్లు పోయినందుకు ఇప్పుడు కువైటీలే బాధపడుతుంటారు. మనకూ ఆ బాధ కొత్తది కాదు.

పాత ఊరి వాతావరణం కొంతైనా మిగిలింది ముబారకియా బజారులో. 2022 మార్చి చివర అగ్నిప్రమాదంలో ఒక భాగం కాలిపోయింది, అయినా బజారు కళ పోలేదు. ఖర్జూరం వరస, మసాలాల వరస, బంగారం వరస, ముసలివాళ్లు కూర్చుని టీ తాగే అరుగులు. ఏమీ కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు.

సదూ అంటే ఏమిటి?

బెదూయిన్ ఆడవాళ్ల నేత. గొర్రె ఉన్ని, ఒంటె బొచ్చు, మేక వెంట్రుకలతో నేల మీద పరిచిన మగ్గం మీద నేస్తారు. గుడారం బట్ట, అడ్డుతెర, ఒంటె జీను మీది సంచులు, అన్నీ ఇందులోంచే. ఎరుపు, నలుపు, తెలుపు ఎక్కువ. మధ్యలో ఒక పట్టీ ఉంటుంది, షజరా అంటారు. అందులో నేసే ఆవిడ తనకు తోచిన గుర్తులు వేస్తుంది: తేలు, కత్తెర, దువ్వెన, ఒంటె ముద్ర. కాగితం మీద డిజైన్ ఉండదు, అంతా చేతిలోనే, జ్ఞాపకంలోనే. 2020లో యునెస్కో దీన్ని సౌదీ, కువైట్‌ల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. గల్ఫ్ రోడ్డు మీద నేషనల్ మ్యూజియం పక్కనే సదూ హౌస్ ఉంది. నేత తెలిసిన ఇంటి నుంచి వచ్చినవాళ్లెవరైనా ఉంటే వాళ్లను తప్పకుండా తీసుకెళ్లండి. వాళ్లు చూసేది మనకు కనిపించదు.

దీవానియాలో ఏం జరుగుతుంది? టీ, ఖహ్వా (అరబ్ కాఫీ) మోసి మోసి చేతులు పడిపోతున్నాయి.

ఇంటి ముందు భాగంలో మగవాళ్లు కూర్చునే పెద్ద గది, అక్కడ జరిగే సమావేశానికీ అదే పేరు. వ్యాపారం, పెళ్లి సంబంధం, రాజకీయం, తగువుల పరిష్కారం అన్నీ అక్కడే మాట్లాడుకుంటారు. ఎన్నికలప్పుడు అభ్యర్థులు దీవానియాల చుట్టూ తిరిగేవారు. పనిచేసేవాళ్లకు అది అర్ధరాత్రి దాకా సాగే చాకిరీ అన్నది నిజమే, దాన్ని కాదనను. ఖహ్వా ఇచ్చేటప్పుడు ఒక మర్యాద తెలిస్తే కొంత తేలిక. చిన్న కప్పులో కొద్దిగానే పోయాలి. తాగే అతిథి కప్పు అటూఇటూ ఊపితే చాలు అని అర్థం. అప్పటిదాకా పోస్తూ ఉండాలి.

కువైట్ వంటల్లో ముఖ్యమైనవి ఏవి?

మచ్బూస్. మసాలాలు, ఎండబెట్టిన నిమ్మకాయ వేసి ఉడికించిన మాంసం నీళ్లలోనే బాస్మతి బియ్యం వండి, పైన వేయించిన ఉల్లిపాయ, కిస్మిస్, శనగపప్పు చల్లుతారు. పక్కన దక్కూస్ అనే టమాటా వెల్లుల్లి పచ్చడి. రొయ్యలతో చేస్తే ముర్బయాన్. చేపల్లో జుబేదీకి ఉన్న గౌరవం ఇంక దేనికీ లేదు, అది మన చందువా చేపే. రంజాన్‌లో గోధుమలు, మాంసం కలిపి గంటలతరబడి ఉడికించి మెత్తగా చేసే హరీస్ చేస్తారు. హైదరాబాద్ హలీం తిన్నవాళ్లు దాన్ని వెంటనే గుర్తుపడతారు. అరబ్బుల హరీసే హలీంకి మూలం.

ఒక సంగతి చెప్పాలి. ఈరోజు ఎన్నో కువైటీ ఇళ్లలో మచ్బూస్ వండుతున్నది కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లే. వాళ్ల చేతి వంట తిని పెరిగిన పిల్లలకు కువైట్ రుచి అంటే అదే. ఒక దేశపు వారసత్వాన్ని నిలబెట్టేవాళ్ల జాబితా రాస్తే అందులో మన అక్కలు, అమ్మలు కూడా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

రంజాన్ మధ్యలో పిల్లలు సంచులతో ఇంటికొస్తారేం?

అది గిర్గియాన్. రంజాన్ నెల సగానికి వచ్చినప్పుడు రెండు మూడు రాత్రులు పిల్లలు పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. చాక్లెట్లు, వేరుశనగలు, బాదం, అంజీర్ వేయాలి.

ఫిబ్రవరి 25, 26 తేదీల్లో అంత హడావుడి దేనికి?

25 జాతీయ దినం. బ్రిటన్ రక్షణ ఒప్పందం నుంచి కువైట్ బయటపడింది 1961 జూన్ 19న. కానీ జూన్ ఎండలో వేడుక కష్టం కాబట్టి, అప్పటి అమీర్ (పాలకుడు) అబ్దుల్లా అల్ సాలెం 1950లో గద్దెనెక్కిన రోజుకి పండుగను మార్చారు.

26 విముక్తి దినం. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దేశాన్ని ఆక్రమించింది. ఏడు నెలల తర్వాత 1991 ఫిబ్రవరి 26న విముక్తి దొరికింది. వెళ్తూ వెళ్తూ ఇరాక్ సైన్యం ఆరు వందలకు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. చివరి బావిని ఆర్పేసరికి నవంబరు వచ్చింది. మధ్యాహ్నం కూడా ఆకాశం నల్లగా ఉండేది. నేషనల్ మ్యూజియాన్ని దోచి తగలబెట్టారు. ఆవరణలో నిలబెట్టిన పాత పడవ కూడా కాలిపోయింది. తీసుకుపోయిన వస్తువుల్లో చాలావరకు తర్వాత ఐక్యరాజ్యసమితి ద్వారా వెనక్కి వచ్చాయి.

ఆ రోజుల్లో ఇక్కడున్న 1,70,000కు పైగా భారతీయులను అమ్మాన్ నుంచి విమానాల్లో మన దేశానికి చేర్చారు. వాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. బాగ్దాద్ మీదుగా బస్సుల్లో, ఎడారి శిబిరాల్లో రోజుల తరబడి ఉండి వచ్చినవాళ్లు ఇప్పటికీ మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లు చెప్పేది ఎవరైనా కూర్చోబెట్టి రికార్డు చేయాలి. వయసులు అయిపోతున్నాయి.

ఎండ నిజంగా 50 దాటుతుందా?

దాటుతుంది. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని చట్టం ఉంది. ఊరు చూడాలంటే నవంబరు నుంచి మార్చి దాకా మంచిది. వానలు పడిన ఏడాది ఎడారిలో అర్ఫజ్ పసుపు పూలు విచ్చుకుంటాయి. అదే వాళ్ల జాతీయ పుష్పం.

ఒక్క శుక్రవారమే సెలవు దొరికితే ఏం చూడాలి?

పొద్దున్నే షర్క్ చేపల మార్కెట్. పక్కనే చెక్క పడవలు ఆగి ఉంటాయి. మసీదు నమాజు వేళకు దుకాణాలు మూస్తారు, అప్పుడు భోజనం చేసేయండి. సాయంత్రం మాలియాలో బస్సు దిగితే ముబారకియా నడిచి వెళ్లేంత దూరమే. చీకటి పడే వేళకు గల్ఫ్ రోడ్డు వెంట టవర్స్ దాకా నడవండి. మ్యూజియంలు శుక్రవారం పొద్దున చాలావరకు తెరవరు. రంజాన్‌లో వేళలు మళ్లీ మారతాయి. కనుక్కునే వెళ్లండి.

ఇంకో సెలవు దొరికితే సాల్మియాలో సైంటిఫిక్ సెంటర్ బయట ఉన్న ఫతే అల్ ఖైర్ అనే బూమ్‌ని చూడండి. 1938లో కట్టిన పడవ. ఆ కాలం నాటి సముద్ర ప్రయాణపు బూమ్‌లలో కువైట్‌లో మిగిలింది అదొక్కటే. టికెట్ లేకుండానే బయట నుంచి కనిపిస్తుంది. పక్కన నిలబడి చూస్తే దాని కడుపు ఎంత లోతో, ఎన్ని బస్తాల ఖర్జూరం పట్టేదో తెలుస్తుంది.

బతాకా (సివిల్ ఐడీ కార్డు) వెంట ఉండాలా? ఫోటోలు తీసుకోవచ్చా?

బతాకా ఎప్పుడూ జేబులో ఉండాలి, పోలీసులు అడిగితే చూపించాలి. ఫోటోల విషయంలో బజారు, టవర్స్, పడవల దగ్గర ఇబ్బంది లేదు. ప్యాలెస్, సైన్యం, పోలీసు స్థలాలు, చమురు ప్లాంట్ల వైపు ఫోన్ ఎత్తొద్దు. ఆడవాళ్లను, కుటుంబాలను అడగకుండా తీయొద్దు. ముబారకియాలో ముసలి వ్యాపారుల్ని నవ్వుతూ సలాం చెప్పి అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. కొందరు హిందీలోనే మాట్లాడి, పక్కన కూర్చోబెట్టుకుని టీ కూడా ఇస్తారు.